చక్రానికి కాలు తగిలితే తప్పెవరిది?

గేరు సైకిళ్ళ వాళ్ళ మధ్య పాత తగువు మళ్ళీ రాజుకుంది. చిన్న సైజు కొన్నవాళ్ళేమో మలుపు తిప్పుతుంటే కాలి వేళ్ళు ముందు టైరుకి కొట్టుకుంటున్నాయంటారు. అమ్మేవాళ్ళు "రోడ్ బైక్ అంటే అంతేనండీ, అలవాటైపోతుంది" అంటారు. పోయిన నెల మా చెల్లెలికీ షాపులో ఇదే మాట చెప్పారు. దాని ఎత్తు ఐదడుగులు. అపార్ట్‌మెంట్ గేటు ముందు యూటర్న్ తీసుకుంటుంటే బూటు టైరుకి తగిలింది, హ్యాండిల్ బిగుసుకుపోయింది, మోకాలు చెక్కుకుపోయింది.

షాపువాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. వేగంగా పోయేటప్పుడు సైకిల్ వాలి తిరుగుతుంది, హ్యాండిల్ కదిలేది కొద్ది డిగ్రీలే. కాలు తగిలేది నడక వేగంలోనే. కానీ మన ట్రాఫిక్‌లో సగం తొక్కుడు ఆ వేగంలోనే కదా!

సైకిల్ పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఈ తగువుకి అసలు మలుపు 1985. అమెరికాలో జార్జీనా టెర్రీ అనే మెకానికల్ ఇంజనీరు ఉద్యోగం మానేసి, పొట్టి ఆడవాళ్ళకి సరిపోయే ఫ్రేములు తనే అతికి, ఆ ఏడాది సొంత కంపెనీ పెట్టారు. ఆమె చేసింది చూడ్డానికి వింతగా ఉండేది: వెనక రోడ్ బైకులకి మామూలుగా వేసే 700సి సైజు పెద్ద చక్రం, ముందు 24 అంగుళాల చిన్న చక్రం.

ఎందుకలా చేశారో టేపు పెట్టి కొలిస్తే తెలుస్తుంది. మా చెల్లెలి సైకిల్‌కి పెడళ్ళు తిరిగే ఇరుసు నుంచి ముందు చక్రం ఇరుసు దాకా 57 సెంటీమీటర్లు. అందులో టైరు వ్యాసార్థం 34 పోతే మిగిలేది 23. పెడల్‌ని ఇరుసుకి కలిపే కడ్డీ, అంటే క్రాంక్, పొడవు 17. అంటే పెడల్ ముందుకొచ్చినప్పుడు దాని ఇరుసుకీ టైరుకీ మధ్య ఆరు సెంటీమీటర్లే. బూటు ముందుభాగం అంతకంటే ఎక్కువే పొడుచుకొస్తుంది. టెర్రీ చక్రం వేస్తే అదే ఫ్రేములో ఇంకో ఐదున్నర సెంటీమీటర్లు దొరుకుతాయి.

ఇంతకీ ఎంత ఖాళీ ఉండాలో అమెరికా భద్రతా నిబంధనల్లో 1970ల్లోనే రాశారు. పెడల్ ఇరుసు నుంచి టైరు లేదా మడ్‌గార్డు తిరిగే మేర దాకా కనీసం 89 మిల్లీమీటర్లు. మెలిక ఏమిటంటే, పాదాన్ని పట్టి ఉంచే క్లిప్పుల్లాంటివి పెడల్‌కి ఉంటే ఈ నిబంధన వర్తించదు. కాలు కట్టేసి ఉన్నవాడే ముందు పడతాడని ఎవరికీ తోచలేదు కాబోలు.

మరి టెర్రీ దారిలో అందరూ ఎందుకు నడవలేదు? రెండు సైజుల ట్యూబులు మోసుకెళ్ళాలి, చిన్న టైరు అన్ని చోట్లా దొరకదు. ఇవి నిజమైన ఇబ్బందులే. కానీ అసలు దెబ్బ పోటీల వైపు నుంచి పడింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తన నిబంధనల్లో సైకిల్ అంటే రెండు చక్రాలూ ఒకే వ్యాసంతో ఉండాలని రాసేసింది. ఆ రూలు పోటీలకే. గేటు దాకా వెళ్ళొచ్చే మనిషి సైకిల్ కూడా అదే మూసలో తయారవుతోంది.

దాంతో కంపెనీలు ఇంకో దారి పట్టాయి. చక్రం మార్చకుండా, దాన్ని పట్టి ఉంచే ఫోర్కునే ఇంకాస్త వాల్చేశాయి. హ్యాండిల్ గొట్టం నేలతో చేసే కోణం 73 నుంచి 71 డిగ్రీలకి దించితే ముందు చక్రం మహా అయితే రెండు సెంటీమీటర్లు జరుగుతుంది. కానీ ఫోర్కు వంపు, అంటే హ్యాండిల్ గొట్టం గీతకి చక్రం ఇరుసు ముందుకున్న దూరం, అదే 45 మిల్లీమీటర్లుంటే ట్రెయిల్, అంటే హ్యాండిల్ గొట్టం గీత నేలని తాకే చోటుకీ టైరు నేలని తాకే చోటుకీ ఉన్న దూరం, సుమారు 56 నుంచి 68 మిల్లీమీటర్లకి పెరుగుతుంది. ఎత్తు ఎక్కుతూ మెల్లగా తొక్కుతుంటే హ్యాండిల్ దానంతటదే ఓ పక్కకి పడిపోతున్నట్టుంటుంది. వంపు ఒక సెంటీమీటరు పెంచితే ట్రెయిల్ మళ్ళీ 57కి వస్తుంది, చక్రం ఇంకాస్త ముందుకీ పోతుంది. అయితే కార్బన్ ఫోర్కులో కొత్త వంపంటే కొత్త అచ్చు. అందుకే చాలామంది అన్ని సైజులకీ ఒకే ఫోర్కు తగిలిస్తారు. పొడుగాళ్ళకి బాగానే నడుస్తుంది, పొట్టివాళ్ళ దగ్గరే లెక్క తప్పుతుంది.

మా నాన్న తొక్కిన 28 అంగుళాల నల్ల సైకిల్‌కి ఈ బాధే లేదు. ఫోర్కు బాగా వాలి, చక్రం అంత దూరాన ఉండేది. మడ్‌గార్డున్నా కాలు తగిలేది కాదు. ఆ సైకిల్ ఇరుకు సందులో తిప్పాలంటే మాత్రం దిగాల్సిందే.

ఇప్పుడు కాన్యన్ లాంటి కొన్ని కంపెనీలు మరీ చిన్న సైజులకి ముందూ వెనకా 700సి కంటే కాస్త చిన్నవైన 650బి చక్రాలు వేస్తున్నాయి. రెండూ సమానమే కాబట్టి రూలుకీ అడ్డం లేదు. మా చెల్లెలు అలాంటిది చూపించమంటే షాపులో ఆ సైజు తెప్పించడం లేదన్నారు. 160 మిల్లీమీటర్ల క్రాంక్ వేయించుకుంది. ఒక సెంటీమీటరు కలిసొచ్చింది. గేటు దగ్గర మాత్రం ఇప్పటికీ తొక్కడం ఆపి, పెడల్ కిందికుంచి తిప్పుతుంది.