గడ్డిబొమ్మల ప్రదర్శన: జనం అనుకునేవి, అసలు సంగతులు

ఒడిశా గజపతి జిల్లాలో మా పర్లాకిమిడి, కాశీనగర్ వైపు వరికోతలు అయ్యి, సంక్రాంతి దగ్గరపడే రోజుల్లో మా పని మొదలవుతుంది. చేలో పిట్టల్ని బెదిరించే బొమ్మనే ఒక అంశం మీద శిల్పంగా మలిచి, ఊరి ఆరుబయట నిలబెడతాం. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొన్ని మాటలు నమ్మి సామాను, శ్రమ రెండూ పాడుచేసుకుంటున్నారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: రెండు కర్రలు కట్టి, చొక్కా తొడిగి, కుండ బోర్లిస్తే బొమ్మ అయిపోతుంది.

చేనుకి అది చాలు, ప్రదర్శనకి చాలదు. అడ్డకర్ర మీద ఏ బట్ట వేసినా చేతులు చాపి నిలబడ్డ మనిషే కనిపిస్తాడు. ఊడ్పులు ఊడ్చే ఆడమనిషి కావాలంటే నడుం దగ్గర వెదురు వంగాలి, ఒక మోకాలు ముందుకు రావాలి, తల భుజాల కంటే కిందికి దిగాలి. గడ్డి చుట్టకముందే, ఉత్త వెదురుబద్దల్లోనే, రోడ్డు అవతలి నుంచి చూసినవాడికి అది ఊడ్పని తెలియాలి. అక్కడ తెలియకపోతే తర్వాత ఎన్ని రంగులు వేసినా తెలియదు. మా దగ్గర చూసేవాళ్ళలో తెలుగు చదివేవాళ్ళున్నారు, ఒడియా చదివేవాళ్ళున్నారు, ఏదీ చదవలేనివాళ్ళూ ఉన్నారు. కాబట్టి పక్కన పెట్టిన బోర్డు మీద ఆధారపడకండి.

అపోహ: గడ్డి ఏదైనా గడ్డే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇది. మిషన్ కోసిన మడిలో గడ్డి నలిగి ముక్కలైపోతుంది. అది కడుపులో కూరడానికి పనికొస్తుందే తప్ప పైన చుట్టడానికి కాదు. కొడవలితో కోసి, చేత్తో కొట్టి నూర్చిన గడ్డి పొడుగ్గా ఉంటుంది. వెంటి (గడ్డి తాడు) పేనాలంటే అదే కావాలి. పేనే ముందు నీళ్ళు చిలకరించి, తడి గోనె కప్పి కాసేపు ఉంచితే గడ్డి మెత్తబడుతుంది. పొడిగా ఉన్నది మెలిపెడితే మధ్యకి విరిగిపోతుంది. లోపల కూరే గడ్డి సంగతి దీనికి పూర్తిగా తిరగేసి. అందులో చెమ్మ ఉండకూడదు. ఉంటే బూజు పట్టి, మగ్గి, బొమ్మ కడుపు దిగజారిపోతుంది. కూరాక చెయ్యి లోపలికి పెట్టి చూడండి. చెమ్మ తగిలితే మొహమాటపడకుండా మొత్తం లాగి ఎండబెట్టండి.

వెంటి బాగా పేనేది మా ఊళ్ళలో పెద్దవయసు రైతులే. అరచేతుల మధ్య గడ్డిపోచలు తిప్పుతూ, ఒకటి అయిపోయేలోపే ఇంకొకటి కలిపేస్తారు. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. వాళ్ళని సాయానికి పిలిచి టీ ఇచ్చి పంపేయడం నాకు నచ్చదు. కూలి ఇవ్వండి, బొమ్మ దగ్గర మీ పేరు పక్కనే వాళ్ళ పేరూ రాయండి.

బరువుగా చేస్తే గాలికి పడదు అంటారు. పైన బరువు పెరిగేకొద్దీ పడే ప్రమాదమే పెరుగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన జిల్లా మాది, గాలి గురించి ఎవరూ మాకు చెప్పక్కర్లేదు. కర్ర పొడుగులో నాలుగో వంతైనా భూమిలో పాతాలి, వెనక ఏటవాలుగా దన్ను పెట్టాలి. చీర కొంగు తెరచాపలా గాలిని పట్టేస్తుంది, అందుకే మడతల్లో అక్కడక్కడా చీల్చి గాలికి దారి వదలాలి. పచ్చి వెదురు ఎండేకొద్దీ సన్నబడి కట్లు వదులవుతాయి, మధ్యలో ఒకసారి బిగించుకోవాలి.

అందరూ వాన గురించి టెన్షన్ పడతారు. మాకు అసలు భయం ఆవులు, మేకలు. తెల్లారేసరికి కాలు తినేస్తాయి! మోకాలి ఎత్తు వరకు చిక్కటి పేడనీళ్ళు పూస్తే చాలామట్టుకు మూతి పెట్టవు. వేడెక్కే హాలోజన్ లైట్లు దగ్గరికి రానివ్వకండి, ఇసుక బకెట్లు పెట్టండి.

అపోహ: సవర గిరిజనుల బొమ్మలు గీస్తే లోకల్ టచ్ వస్తుంది.

ఇది నాకు బాధ కలిగించే అలవాటు. ఇడితాల్ అనేది సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, దేవతల కోసం, పోయిన పెద్దల కోసం, పూజతో కలిపి గీసేది. దాన్ని గడ్డిబొమ్మ చొక్కా మీద డిజైన్‌గా వేయడం తప్పు. సవరల జీవితం చూపించాలనుంటే వాళ్ళనే పిలవండి, ఏం చేయాలో వాళ్ళనే చెప్పనివ్వండి. చోడి (రాగి) చేను కాపలా మంచె లాంటివి ఎన్నో ఉన్నాయి.

ఇదంతా విదేశీ మోజు అనేవాళ్ళకి ఒక మాట. ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని కెటిల్‌వెల్ అనే ఊళ్ళో 1994 నుంచి ఇలాంటి గడ్డిబొమ్మల పండగ ఉన్న మాట నిజమే. జపాన్‌లో షికోకు దీవిలోని నగోరోలో త్సుకిమి అయానో అనే ఆవిడ చనిపోయినవాళ్ళ, వలసపోయినవాళ్ళ బొమ్మలు చేసి బడిలో, బస్టాపులో కూర్చోబెట్టింది. ఆ ఊళ్ళో ఇప్పుడు మనుషుల కంటే బొమ్మలే ఎక్కువ. పక్కనున్న గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాలకి వెళ్ళినవాళ్ళ ఇళ్ళు చూసిన మనకి ఆ అంశం పరాయిది ఎలా అవుతుంది? అరుగు మీద ఖాళీగా మిగిలిన చోట ఒక బొమ్మని కూర్చోబెట్టండి చాలు. కాకపోతే ఫలానా మనిషి పోలిక తెచ్చేటట్టయితే ఇంట్లోవాళ్ళని ముందే అడగాలి. నాయకుల పోలికలు అసలు వద్దు, ధర్నాలో తగలబెట్టే దిష్టిబొమ్మ అనుకుంటారు.

ప్రదర్శన అయ్యాక కాల్చేయాలన్నది ఇంకో అపోహ. తాళ్ళు విప్పి, బట్టలు, రంగు తగిలిన భాగాలు వేరు చేసి, మిగతా గడ్డి గెత్తంలో (ఎరువు కుప్పలో) వేయండి. బాగున్న వెదురు వచ్చే ఏటికి అటక మీద దాచుకోవచ్చు.