కరెంటు లేని మోటరు

మే నెలాఖరులో ఒక రాత్రి, పదకొండు దాటాక, కల్యాణదుర్గం దగ్గరి రైతు ఒకాయన ఫోన్ చేసినాడు. "మేడమ్, కరెంటు పోయి గంటాయ. మా గట్టు కాడ మోటరు గాలి పీల్చినట్ల ఒకటే శబ్దం. డీజిలింజను ఈ చుట్టుపక్కల ఎవురికీ లేదు. ఏంది మేడమ్ అది?"

"గట్టు మీద పుట్ట ఉందా?" అని అడిగాను. ఉందన్నాడు. "అయితే టార్చి పట్టుకొని చూడ్డానికి పోవద్దు. ఎలుగొడ్డు అన్నం తింటా ఉంది."

ఇన్నేళ్లుగా ఎలుగుబంట్ల వెంట తిరుగుతున్నా, ఆ పోలిక నాకు తట్టనందుకు కాస్త సిగ్గేసింది. దాని బరువెంత, ఎన్నేళ్లు బతుకుతుంది వంటివి ఏ పుస్తకంలోనైనా ఉంటాయి, వదిలేద్దాం. ఈ మోటరు సంగతి చూద్దాం.

బావి మోటరు నీళ్లను "లాగుతుంది" అని బడిలో చెప్పి వదిలేస్తారు. నిజానికి అది లాగదు. పైపులో ఒత్తిడి తగ్గిస్తుంది, అంతే. బావినీళ్ల మీద ఉన్న బయటి గాలే ఆ నీళ్లను పైపులోకి తోస్తుంది. అందుకే ఎంత పెద్ద మోటరైనా ఒడ్డున పెడితే, లెక్క ప్రకారం 10.3 మీటర్లకు మించి కిందున్న నీళ్లు దానికి అందవు. పైపు జాయింటులో గ్యాస్కెట్టు చెడిందా, బయటి గాలి ఆ సందులోంచే దూరుతుంది. మోటరు గుయ్యిమంటుంది, నీటిచుక్క పైకెక్కదు.

ఎలుగుబంటికి ఆ గ్యాస్కెట్లు పుట్టుకతోనే ఉన్నాయి. మొదటిది ముక్కు. మనం వేళ్లతో మూసుకోవాలి, అది కావాలన్నప్పుడు ముక్కు రంధ్రాలను తనంతట తానే మూసుకోగలదు. గాలి కారదు, దుమ్మూ చెదలూ ముక్కులోకి పోవు. రెండోది పెదవులు. జానెడు ముందుకు సాగాయా అనిపించేట్లు గొట్టంలా ముడుచుకుంటాయి, పుట్ట కన్నానికి అతుక్కుంటాయి. ఇక పైపు నోరు: మిగతా ఎలుగు జాతులకు పై దవడ ముందు ఆరు కుంతకాలు, అంటే కొరికే పళ్లు, ఉంటే, దీనికి నాలుగే. సరిగ్గా నడిమి రెండూ లేవు. ఆ సందు వెనక అంగిలి దొన్నెలా గుంటపడి ఉంటుంది. మొత్తం నలభై పళ్లు.

పనితీరు కూడా మోటరు మెకానిక్కుదే. ఎండాకాలం గడ్డపారకు కూడా లొంగని పుట్టను ఏడెనిమిది సెంటీమీటర్ల గోళ్లతో చీలుస్తుంది. ఫూ అని ఊది మన్ను ఎగరగొడుతుంది. తర్వాత పీలుస్తుంది. మళ్లీ ఊదుతుంది, మళ్లీ పీలుస్తుంది. ఆ చప్పుడు వంద మీటర్లు దాటి వినిపిస్తుంది.

ఒక మెలిక ఉంది. సీసా మూతిని స్ట్రా చుట్టూ వేళ్లతో బిగించి మజ్జిగ పీల్చి చూడండి, రెండు గుక్కలకే ఆగిపోతుంది. లోపలికి గాలి రాకపోతే తోసేదెవరు? అంటే నోటి దగ్గర సందు ఉండకూడదు, అవతల మాత్రం ఉండాలి. పుట్ట గోడ ఎంత గట్టిగా కనిపించినా అందులో గాలి ఆడుతుంది, ఎలుగుకు కావలసిందీ అదే. పైగా పుట్ట పగలగానే కావలి చెదలు పగిలిన చోటికే పరుగెత్తి వస్తాయి, వాటి వెనకే మన్ను అతికే పనివాళ్లు. తిండే నోటి దగ్గరికి నడిచొస్తుంది!

ఆ గోళ్లూ, లేని పళ్లూ చూసే 1791లో జార్జ్ షా దీన్ని చెట్లకు వేలాడే స్లాత్‌ల జాతిలో కలిపేశాడు. "స్లాత్ బేర్" అనే ఇంగ్లీషు పేరులో ఆ పొరపాటు ఇప్పటికీ మిగిలింది.

మా ఏడేళ్ల పాపకు కూడా ఇప్పుడు నడిమి రెండు పళ్లే ఊడాయి. ఆ సందులోంచి రాగిజావ జుర్రుతూ "నేనూ ఎలుగొడ్డేనా మా?" అంటుంది. చీకటంటే భయపడుతోందని పక్కింటి అవ్వ ఎలుగు వెంట్రుక తాయెత్తు కట్టించమంది. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువది, ఆ వెంట్రుక ఇంట్లో ఉంటే కేసవుతుందని చెప్పాను. మనుషుల మీద పడే ఎలుగు చాలాసార్లు బెదిరే పడుతుందని కూడా చెప్పాను. పులులున్న అడవుల్లో పెరిగిన జాతి. పారిపోవడం కంటే ఎదురుతిరగడమే దానికి అలవాటు. భయం పోగొట్టే తాయెత్తుకు అంత బెదురుగొడ్డు వెంట్రుకా?

మర్నాడు ఆ గట్టుకు పోయి చూశాను. పుట్ట మొదట్లో చెంబు పట్టేంత కన్నాలు మూడు. కాస్త అవతల పెంట. దాన్ని తెచ్చి, నీళ్లలో కడిగి, జల్లెడలో మిద్దె మీద ఆరబెట్టాను. పక్కనే మా అత్త చీర పరిచి సండిగలు పెట్టింది. కడిగితే మిగిలినవి కావలి చెదల తలకాయలు. పైపెంకు కైటిన్‌ది కాబట్టి అరగకుండా వచ్చేస్తాయి, గోధుమరంగులో నువ్వుగింజల్లా.

అత్త కళ్లద్దాలు సవరించుకొని జల్లెడలోకి వంగింది. "ఇంతింత తలకాయలు తిని అంత ఒళ్లు ఎట్ల పెరుగుతాదే దానికి?"

జల్లెడ కొంచెం ఆడించాను. ఇంకో మూలకు చేరిన ఈతగింజలు గలగలమన్నాయి. వాటిని చూసి, ఏమీ అనకుండా, సండిగల చీరను మిద్దె ఆ చివరికి లాక్కుపోయింది.