దయ్యాలు సంబంధం కుదిర్చే ప్రేమకథలు: అపోహలు – వాస్తవాలు

నల్గొండలో ఉంటూ చిన్న ప్రేమకథలు రాస్తాను. నా కథల్లో సంబంధం తెచ్చేది పెళ్లిళ్ల పేరయ్యో, మ్యాట్రిమోనీ యాపో కాదు. పోయిన అమ్మమ్మ తెస్తుంది, లేకపోతే చింతచెట్టు మీది దయ్యమో, ఊరి పొలిమేర దేవతో తెస్తుంది. ఈ తరహా కథల గురించి చదివేవాళ్లలోనూ, కొత్తగా రాయాలనుకునేవాళ్లలోనూ కొన్ని అభిప్రాయాలు గట్టిగా నాటుకుపోయాయి. అవి ఎక్కడ తప్పో చెప్పాలనిపించింది.

అపోహ: దయ్యం ఉందంటే అది హారర్ కథే.

హారర్ చదువుతున్నప్పుడు మన టెన్షన్ అంతా వీళ్లు ప్రాణాలతో బయటపడతారా అనే. ఈ కథల్లో టెన్షన్ వీళ్లిద్దరూ ఒకటవుతారా లేదా అని. ఇంగ్లిషులో పారానార్మల్ రొమాన్స్ పేరుతో వచ్చే పుస్తకాల నుంచి కూడా పాఠకులు రెండు విషయాలు ఆశిస్తారు. ప్రేమకథే అసలు కథ కావాలి, చివరికి ఆశ మిగలాలి. ఆ రెండూ ఉంటే దయ్యం ఎంత భయపెట్టినా ఇబ్బంది లేదు.

అపోహ: ఇది విదేశాల నుంచి తెచ్చుకున్న సరుకు.

ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. నలదమయంతుల మధ్య రాయబారం నడిపింది ఒక హంస. ఉష కలలో చూసిన కుర్రాడు ఎవరో బొమ్మలు గీసి తేల్చి, నిద్రలో ఉన్నవాణ్ని ఉన్నట్టే ద్వారక నుంచి ఎత్తుకొచ్చింది ఆమె చెలికత్తె చిత్రరేఖ. నన్నయ నలుడి కథను తెలుగులో చెప్పి వెయ్యేళ్లు కావస్తోంది.

ఆ కథలో స్వయంవరం ఘట్టాన్ని ఈ కథలు రాసే ప్రతి ఒక్కరూ నిదానంగా చదవాలి. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుగురూ నలుడి రూపంలో వచ్చి కూర్చుంటారు. దమయంతి ముందు ఐదుగురు నలులు. ఎవరిని వరించాలో తెలియక ఆమె ఆ దేవతలకే మొక్కుకుంటుంది: నా మనసు నలుడి మీద ఉన్నమాట నిజమైతే మీ నిజరూపాలు చూపించండి అని. దేవతలు కాదనలేదు, తమ గుర్తులు చూపించారు. వాళ్లకు రెప్ప పడదు, చెమట పట్టదు, మెడలో దండ వాడదు, పాదం నేలకు ఆనదు. నలుడికి చెమట పట్టి ఉంది, దండ వాడి ఉంది, నీడ నేల మీద పడుతోంది. ఆమె ఆ మనిషి మెడలోనే దండ వేసింది. తలచుకుంటే మోసం కొనసాగించగల శక్తి ఆ నలుగురికీ ఉంది. అయినా ఆడపిల్ల ఇష్టానికి తలవంచి, పైగా వరాలిచ్చి వెళ్లారు. నా కథల్లో ప్రతి దయ్యానికీ, ప్రతి దేవతకూ నేను పెట్టే మొదటి నియమం ఇక్కడి నుంచి తీసుకున్నదే. ఇద్దరినీ ఒకచోటికి చేర్చవచ్చు, అవుననడం కాదనడం మాత్రం మనుషుల చేతిలోనే ఉండాలి.

చైనాలో వెన్నెల ముసలాయన కథ ఉంది. భార్యాభర్తలు కాబోయేవాళ్ల కాళ్లకు ఆయన ఎర్ర దారం కడతాడు, ఆ దారం ఎవరూ తెంచలేరు. అందమైన కథే. కానీ అందులో పిల్లకు కాదనే వీలు లేదు. నాకు దమయంతే నచ్చుతుంది.

అపోహ: దయ్యానికి శక్తులుంటాయి కాబట్టి ఏదైనా చేయించొచ్చు.

కొత్తవాళ్ల కథలు ఎక్కువగా చెడేది ఇక్కడే. దయ్యం చిటికేస్తుంది, వాన పడుతుంది, ఇద్దరూ ఒకే చెట్టు కిందికి చేరతారు, అయిపోతుంది. ఏ కష్టమూ లేకుండా కుదిరిన సంబంధం మీద పాఠకుడికి ఆసక్తి ఎందుకుంటుంది? దయ్యానికి గడువు ఉండాలి, హద్దు ఉండాలి, చేసిన ప్రతి పనికీ ఏదో ఒకటి పోగొట్టుకోవాలి.

ఒక ఉదాహరణ చెప్తాను. మా దిక్కు పెత్రమాస నాడు, అంటే మహాలయ అమావాస్య నాడు, పోయిన పెద్దల పేరున బియ్యం ఇస్తాం. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ, బతుకమ్మ పండుగ మొదటి రోజు. అంటే పోయినవాళ్లను తలుచుకునే రోజూ, ఆడపిల్లలంతా ఒకచోట చేరే రోజూ ఒకటే. కథకు ఇంతకంటే మంచి ముహూర్తం ఏముంటుంది? ఇందులో అమ్మమ్మకు నేనిచ్చిన గడువు పొద్దున తన పేరున బియ్యం ఇచ్చినప్పటి నుంచి బతుకమ్మ చెరువులో కలిసేదాకా. ఆమెకు మాట్లాడే శక్తి లేదు, ఎవరి మనసునూ తిప్పే శక్తీ లేదు. బతికుండగా తను వాడిన వస్తువులను మాత్రం కదపగలదు. కదిపినప్పుడల్లా ఇంట్లో ఒకరికి ఆమె జ్ఞాపకం ఒకటి చెరిగిపోతుంది.

బతుకమ్మ పేర్చే తాంబాళాన్ని అమ్మమ్మ గరిసె వెనక్కి జరుపుతుంది. దొరకక మనవరాలు పక్కింటికి అడగబోతుంది. ఆ ఇంటి వాకిట్లో పట్నం నుంచి వచ్చిన అబ్బాయి, కోసుకొచ్చిన తంగేడు పూలు ఏరుతూ ఉంటాడు. ఇక్కడిదాకా ఎవరైనా రాస్తారు. పిల్ల తాంబాళం తీసుకుని ఇంటికొచ్చాక జరిగేదే అసలు కథ.

"అమ్మా, అమ్మమ్మ పాడే పాటలో తర్వాత ఏమొస్తది?"

"ఏ పాట బిడ్డా?"

తల్లికి గుర్తు లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మమ్మ అది వింటుంది. ఇంకో వస్తువు కదపాలా వద్దా అన్నది ఇక ఆమె తేల్చుకోవాలి.

అపోహ: వశీకరణం కూడా ప్రేమే కదా.

కాదు. మనుచరిత్రలో ప్రవరుడు కాదన్నాక వరూధిని దగ్గరికి గంధర్వుడు ప్రవరుడి వేషంలో వస్తాడు, కళ్లు మూసుకోవాలని షరతు పెడతాడు. పెద్దన కవిత్వం గొప్పది. కానీ ఆ ఘట్టాన్ని ఈనాడు ప్రేమకథగా తిరగరాస్తే నేను ఒప్పుకోను. ఆమె అవునన్నది వేరే మనిషికి. తాయెత్తు, మందు, మారువేషం ఏదైనా సరే, ఎదుటి మనిషికి తెలియకుండా ఒప్పించేది మోసమే. కథలో మోసం పెట్టొచ్చు, అది బయటపడి దాని ఫలితం కూడా రావాలి.

అపోహ: ఊరి నమ్మకాలన్నీ కథకు ముడిసరుకే, ఎట్లా వాడినా తప్పులేదు.

దేవుడు మనిషిని పెళ్లాడే కథ వినడానికి బాగుంటుంది. పాలమూరులో మాత్రం దేవుడితో పెళ్లి పేరు చెప్పి పేద దళిత కుటుంబాల ఆడపిల్లలను జోగినులుగా మార్చిన చరిత్ర ఉంది. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. ఆ బతుకులు బతికిన ఆడవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. గుడిలో పిల్లకు దేవుడితో తాళి కట్టించి దాన్ని రొమాన్స్ అనేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి. బాణామతి, అంటే చేతబడి, కూడా అంతే. ఆ అనుమానంతో మనుషులను కొట్టి చంపిన సంఘటనలు తెలంగాణలో జరిగాయి. ఒంటరి ముసలామెను మంత్రగత్తెగా చూపించే పాత్ర నేను రాయను, రాయొద్దని అడుగుతాను కూడా. అమావాస్య రాత్రి నల్గొండ దగ్గరి చెర్వుగట్టు శివాలయంలో నిద్ర చేసేవాళ్లలో చాలామంది ఏదో బాధతో వచ్చినవాళ్లే. వాళ్లను భయపెట్టే దృశ్యంగా వాడుకోవడం న్యాయం కాదు.

అపోహ: కారణం తెలిస్తే మాయ పోతుంది.

నల్గొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూడండి. ఒకప్పుడు ఇక్కడ పాలించిన కుందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లున్న గుడి. అందులో ఒక గర్భగుడిలో లింగం మీద పగలంతా నీడ నిలిచి ఉంటుంది. వెలుతురు ఏ దిక్కుల నుంచి లోపలికి రావాలో, స్తంభాలు ఎక్కడ నిలవాలో లెక్కగట్టి కట్టిన పనితనం అది. ఈ సంగతి తెలిశాకే నాకు అక్కడ కథ దొరికింది. ఆ లెక్క వేసిన శిల్పి ఆ నీడలోనే ఉండిపోయాడనుకోండి. నిలబడ్డ చోటును బట్టి వెలుతురు ఎట్లా పడుతుందో అతనికి తెలుసు. ఒకరినొకరు రోజూ చూస్తూ కూడా పట్టించుకోని ఇద్దరు ఆ మండపంలోకి వస్తే, ఎవరి ముఖం మీద ఎప్పుడు వెలుగు పడాలో అతను చూసుకుంటాడు. ఉత్త మహిమ అనుకుని రాస్తే ఈ పాత్ర పుట్టేదే కాదు.

అపోహ: ఇలాంటి కథకు పాడుబడ్డ కోట, అర్ధరాత్రి ఉండాల్సిందే.

దేవరకొండ కోట మాకు దగ్గరే, రాసుకోవచ్చు. నాకు మాత్రం శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ల మీదే మనసు ఎక్కువ. కొల్లాపూర్, అలంపూర్ దిక్కు ఎన్నో కుటుంబాలు 1980ల మొదట్లో ఊళ్లు వదిలి తలో చోటికీ పోయాయి. నీళ్లలో ఉండిపోయిన ఊరి దేవత, చెల్లాచెదురైన ఇళ్ల మనవలను మళ్లీ కలపాలనుకుంటే? ఆమె దగ్గర జాతకాలు ఉండవు. ఏ చేను పక్కన ఎవరి చేను ఉండేదో, కరువులో ఎవరు ఎవరికి గింజలు ఇచ్చారో ఆమెకు తెలుసు. ఆమె కుదిర్చే సంబంధం కొల్లాపూర్ బస్టాండులో మిట్టమధ్యాహ్నం మొదలు కావచ్చు. ఈ కథ రాయాలంటే ముందు ఆ ఊళ్ల పెద్దమనుషుల దగ్గర కూర్చుని చేల హద్దులు అడిగి రాసుకోవాలి. అప్పట్లో ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు.