క్రిప్టో: మా టేబుల్ దాకా వచ్చే అపోహలు, అసలు లెక్కలు

హన్మకొండలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు నింపడం నా పని. ఒకప్పుడు మా ఆఫీసుకు వచ్చేవి ఫారం-16లు, షాపుల లెక్కలు, ప్లాట్ల డాక్యుమెంట్లు. ఇప్పుడు ప్రతి సీజన్‌లో కొందరు ఫోన్ ముందుకు జరిపి, "సార్, ఇది గూడ చూపించాల్నా?" అని మెల్లగా అడుగుతున్నారు. ఫోన్‌లో క్రిప్టో యాప్ ఉంటుంది, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్లు కొని అమ్మే యాప్. వాళ్లలో లెక్చరర్లున్నారు, మిర్చి అడ్తిదారు కొడుకున్నాడు, రైల్వే ఉద్యోగులున్నారు. నేను టెక్నాలజీ మనిషిని కాదు. డబ్బు వచ్చాక, పోయాక మిగిలే కాగితాలు చూసేవాణ్ని. నాకు ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: నష్టం వచ్చింది కాబట్టి పన్ను ఉండదు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, ఆ పన్నుపై 4 శాతం సెస్సు. షేర్లలో ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంతో సర్దుకున్నట్టు ఇక్కడ కుదరదు. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయనివ్వరు. వచ్చే ఏడాదికి జరుపుకోనివ్వరు.

ఒకతనికి బిట్‌కాయిన్‌లో 80 వేలు లాభం, ఎవరో చెప్తే కొన్న ఇంకో కాయిన్‌లో లక్ష నష్టం. మొత్తం మీద 20 వేలు పోయాయి. "లాస్ అయిన గదా సార్, ఇంకేం ట్యాక్స్?" అన్నాడు. 80 వేల మీద 24 వేలు, సెస్సు 960, కట్టాల్సింది 24,960 రూపాయలు. క్యాలిక్యులేటర్ తన వైపు తిప్పుకుని మళ్లీ కొట్టి చూసుకున్నాడు. పోయిన 20 వేలు కలిపితే దాదాపు 45 వేలు. ఈ రూలు న్యాయమా అంటే నేనైతే కాదనే అంటాను. కానీ ఫారంలో నా అభిప్రాయానికి కాలమ్ లేదు.

పైగా 2022 జూలై నుంచి అమ్మినప్పుడల్లా 1 శాతం టీడీఎస్, అంటే డబ్బు చేతికి రాకముందే కోసుకునే పన్ను. అది లాభం మీద కాదు, అమ్మిన మొత్తం మీద. లక్ష రూపాయలు పెట్టి ఇరవై సార్లు కొని అమ్మితే, లాభనష్టాలు ఏమీ లేకపోయినా 18 వేల దాకా టీడీఎస్‌లోకి పోతాయి. రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

అపోహ: పన్ను వేశారంటే ప్రభుత్వం ఒప్పుకున్నట్టే

లాటరీ గెలుపు మీద కూడా 30 శాతం పన్ను ఉంది, అంతమాత్రాన లాటరీ పెట్టుబడి అయిపోదు. బ్యాంకులు క్రిప్టో వ్యాపారానికి దూరంగా ఉండాలని ఆర్‌బీఐ 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాన్ని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి "క్రిప్టో బ్యాన్ అయింది" అనేవాళ్లదీ తప్పే. నిషేధం లేదు, కరెన్సీ హోదా కూడా లేదు. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు (కాయిన్లు కొని అమ్మే యాప్ కంపెనీలు) మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందకి వచ్చి, అనుమానాస్పద లావాదేవీలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఐయూలో రిజిస్టర్ చేసుకోవాల్సి వస్తోంది. అది దొంగసొమ్ము మీద నిఘా కోసం, మీ డబ్బుకు గ్యారంటీ కాదు.

అపోహ: బ్లాక్‌చెయిన్‌ను హ్యాక్ చేయలేరు, మన డబ్బు భద్రం

మొదటి సగం దాదాపు నిజం. బ్లాక్‌చెయిన్ అంటే ఒకే లెక్క వేల కంప్యూటర్లలో ఉండే పద్దు. ఎనుమాముల మార్కెట్‌లో రైతుకిచ్చే తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) నకలు అడ్తిదారు దగ్గర ఒక్కటే ఉంటే దిద్దొచ్చు. అదే లెక్క వేలమంది దగ్గర ఉంటే ఒక్కచోట దిద్ది లాభం లేదు. బిట్‌కాయిన్ పద్దు 2009 జనవరి నుంచి అలాగే నడుస్తోంది.

రెండో సగంతోనే చిక్కు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో అసలు కాయిన్ లేదు. ఎక్స్ఛేంజీ యాప్‌లో ఒక అంకె ఉంది, అంతే. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ కాయిన్లు దాచే వాలెట్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు హ్యాకర్లు ఎత్తుకుపోయారు. బ్లాక్‌చెయిన్ చెక్కు చెదరలేదు, కానీ కస్టమర్లకు విత్‌డ్రాలు ఆగిపోయాయి, ఏడాదికి పైగా సొమ్ము ఇరుక్కుంది. బ్యాంకు మునిగితే డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు.

సొంత వాలెట్‌లో పెట్టుకుంటే? పన్నెండో ఇరవైనాలుగో ఇంగ్లిష్ మాటలు ఇస్తారు, అవే తాళం. ఎవరికైనా తెలిస్తే కాయిన్లు వాళ్లవి. పోగొట్టుకుంటే మీసేవకు వెళ్లి డూప్లికేట్ తీసుకునే వీలు లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మనిషి పోతే, ఆ కాయిన్లూ పోయినట్టే.

అపోహ: యూఎస్‌డీటీ అంటే డాలరే, అందులో రిస్క్ ఏముంది?

యూఎస్‌డీటీ అంటే డాలరు ధరకు ముడిపెట్టిన కాయిన్, కాబట్టి ధర సంగతి సరే. అమ్మే దారిలో ఉంది గండం. కాజీపేటలో మొబైల్ షాపు నడిపే ఒకతను, దుబాయ్ నుంచి బామ్మర్ది పంపిన యూఎస్‌డీటీని ఆన్‌లైన్‌లో తెలియని మనిషికి నేరుగా అమ్మాడు. మార్కెట్ కంటే కాయిన్‌కు మూడు రూపాయలు ఎక్కువ రేటు. డబ్బు నిమిషాల్లో పడింది. పన్నెండు రోజుల తర్వాత డిస్ట్రిబ్యూటర్‌కు పేమెంట్ చేయబోతే అకౌంట్ ఫ్రీజ్. వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల నుంచి ఆదేశం వచ్చిందని బ్యాంకులో చెప్పారు.

జరిగింది ఇది: కొన్నవాడు తన జేబులోంచి రూపాయి తీయలేదు. "డిజిటల్ అరెస్ట్" అని, అంటే పోలీసునంటూ ఫోన్‌లోనే, ఒక రిటైర్డ్ ఉద్యోగిని బెదిరించి, ఆయన డబ్బు నేరుగా మావాడి అకౌంట్లో వేయించి, కాయిన్లు తీసుకుని మాయమయ్యాడు. రికార్డులో కనబడేది మావాడి పేరే. కొట్టేసిన సొమ్ముతో కొనేవాడు బేరం ఆడడు, ఆ మూడు రూపాయలు అందుకే ఎక్కువిచ్చాడు. పోలీసులకు చూపించడానికి చాట్లు, ఆర్డర్ నంబర్లు, కాయిన్లు పంపిన రికార్డు దొరికాయి కాబట్టి కొంత నయం. ఫ్రీజ్ ఎత్తించడానికి మాత్రం నెలలు పట్టింది, షాపు స్టాకు సగానికి పడిపోయింది.

జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. కొడుకు బ్యాంకు ద్వారా పంపితే తండ్రికి దానిమీద పన్ను లేదు, ఎక్కడి డబ్బో చెప్పే కాగితం ఉంటుంది. యూఎస్‌డీటీలో నాలుగు పైసలు మిగుల్చుకోబోయి ఆ కాగితాన్నే వదులుకుంటున్నారు.

అపోహ: మా కాయిన్ ఇప్పుడు రూపాయి, లాంచ్ అయ్యాక వంద

ఫంక్షన్ హాల్లో మీటింగ్, భోజనం, స్టేజీ మీద కారు తాళాలు, కింద ఇద్దర్ని చేర్పిస్తే కమీషన్. ఇది క్రిప్టో కాదు, పాత గొలుసుకట్టు స్కీముకు కొత్త పేరు. ప్రపంచమంతా తిరిగిన వన్‌కాయిన్ అనే ఇలాంటి స్కీముకు అసలు నిజమైన బ్లాక్‌చెయినే లేదని తర్వాత తేలింది. ఆ కాయిన్‌ను వాళ్ల యాప్‌లో కాకుండా బయట ఎక్కడైనా అమ్మి చూపించమనండి. మాట మారిస్తే లేచి వచ్చేయండి, భోజనం చేసైనా సరే. ఇప్పటికే కట్టినవాళ్లు సిగ్గుపడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: రేపు అందరం క్రిప్టోతోనే కొంటాం

హన్మకొండ చౌరస్తాలో చాయ్‌కి యూపీఐ ఉచితంగా, క్షణాల్లో పనిచేస్తోంది. బిట్‌కాయిన్‌లో ఒక బ్లాక్‌కే (లావాదేవీలు పద్దులోకి ఎక్కే ఒక పేజీ అనుకోండి) సగటున పది నిమిషాలు. 2021లో దాన్ని అధికారిక కరెన్సీ చేసిన ఎల్ సాల్వడార్ దేశం కూడా, వ్యాపారులు తప్పనిసరిగా తీసుకోవాలన్న నిబంధనను 2025 జనవరిలో ఎత్తేసింది.

ఇప్పటికే కొన్నవాళ్లకు నా పని తరఫున ఒక మాట. క్రిప్టో లాభం ఉంటే ఐటీఆర్-1 (మామూలు జీతగాళ్లు వేసే సులువైన రిటర్ను ఫారం) కుదరదు. ప్రతి అమ్మకానికీ కొన్న తేదీ, అమ్మిన తేదీ, రెండు ధరలూ విడివిడిగా రాయాలి. టీడీఎస్ కట్ అయిందంటే ఆ వివరం డిపార్ట్‌మెంట్ దగ్గర ముందే ఉంది, దాచి లాభం లేదు. ఒక సీజన్‌లో జూలై 30 రాత్రి ఒకాయన రెండు వందలకు పైగా లావాదేవీలను స్క్రీన్‌షాట్లు తీసి వాట్సాప్‌లో పంపాడు. ఎక్స్ఛేంజీ యాప్‌లో రిపోర్ట్స్ అనే చోట ఎక్సెల్ ఫైలు దొరుకుతుంది. జూన్‌లోనే తీసుకురండి.