ర్యాలీలో నవ్వినవాడికి డిప్రెషన్ ఉండదా? అపోహలు - వాస్తవాలు

ఎన్నికల ప్రచారం మొదలైందంటే నా దగ్గరికి వచ్చేవాళ్ల మాటల్లో ర్యాలీలు కూడా దొర్లుతాయి. వాళ్లలో కార్యకర్తలుంటారు, అభిమానులుంటారు, స్నేహితులు పిలిస్తే కాదనలేక వెళ్లేవాళ్లూ ఉంటారు. డిప్రెషన్‌లో ఉండగా సభకు వెళ్లొచ్చా అని వాళ్లు అడుగుతారు. ఇంట్లోవాళ్లు మాత్రం చాలాసార్లు అడగకుండానే ఏదో ఒకటి తేల్చేస్తారు. ఒక మనోవైద్యురాలిగా, ఆ మాటలు మనిషిని ఎంత గాయపరుస్తాయో రోజూ చూస్తున్నాను.

అపోహ: అంత హుషారుగా నినాదాలిచ్చాడంటే డిప్రెషన్ లేనట్టే.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. డిప్రెషన్ అంటే రోజంతా ఏడుపు మొహంతో కూర్చోవడం కాదు. దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ కనీసం 2 వారాలు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు ఉంటుంది. దాంతోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత లాంటివి దెబ్బతింటాయి. మధ్యలో ఒక సాయంత్రం నవ్వినంత మాత్రాన అదంతా లేకుండా పోదు. పైగా కొందరిలో ఏదైనా మంచి జరిగితే మూడ్ కాసేపు నిజంగానే తేలికపడుతుంది. ఎటిపికల్ డిప్రెషన్ అనే రకంలో ఇది ముఖ్య లక్షణం.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. సభలో రెండు గంటలు జెండా పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఒక బూటు విప్పాడు. రెండో బూటు లేసు ముడి విప్పే ఓపిక లేక, తెల్లారేదాకా దాంతోనే పడుకున్నాడు. ఇంట్లోవాళ్లు నాకు ఫోన్‌లో సభ ఫొటో చూపించి, ‘చూడండి మేడమ్, ఎంత బాగున్నాడో’ అన్నారు. బూటు సంగతి వాళ్లు బయటికి వెళ్లాక అతనే చెప్పాడు.

అపోహ: నలుగురిలో కలిస్తే అదే పోతుంది.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. సంతోషాన్నిచ్చే పనులు తగ్గేకొద్దీ కుంగుబాటు ముదురుతుందని పీటర్ లెవిన్‌సన్ అనే మనస్తత్వవేత్త 1970లలో వివరించారు. బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్సకు ఆ ఆలోచనే పునాది. కానీ ఆ చికిత్సలో మేం మొదలుపెట్టేది స్నానం, పది నిమిషాల నడక, ఒక స్నేహితుడికి ఫోన్ లాంటి చిన్న పనులతో. ర్యాలీ అలాంటిది కాదు. హోరు, తోపులాట, గంటల తరబడి నిలబడటం, ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోవడం... మంచం దిగడమే కష్టమైన మనిషికి ఇవన్నీ ఒక్కసారిగా మోయలేని బరువు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. గుంపులో ఒకరి ఉత్సాహం ఇంకొకరికి అంటుకుంటుంది. సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1912లోనే ఈ సామూహిక ఆవేశం గురించి రాశారు. సంతోషాన్ని అనుభవించే శక్తే సన్నగిల్లిన మనిషికి మాత్రం అది అంటకపోవచ్చు. చుట్టూ వేలమంది కేకలు వేస్తుంటే తనలో ఏ చలనమూ లేకపోవడం చూసి, ‘నాలోనే ఏదో లోపం ఉంది’ అనుకుంటాడు. ఆ ఒంటరితనం ఇంట్లో గదిలో ఉండే ఒంటరితనం కన్నా చేదుగా ఉంటుంది. అది లోపం కాదు, జబ్బు లక్షణం. వెళ్లే ముందే ఈ మాట తెలిసి ఉంటే చాలా మేలు.

వెళ్లాలని ఉంటే ఇలా వెళ్లండి. సంగతి తెలిసిన ఒక్కరినైనా తోడు తీసుకెళ్లండి. బయటికి దారి దగ్గర, జనం పలచగా ఉన్నచోట నిలబడండి. అరగంట చాలు. ‘ఇక వెళ్దాం’ అన్నప్పుడు ఎందుకని అడగకూడదని ముందే మాట్లాడుకోండి. వెళ్లేముందు, వచ్చాక, మర్నాడు పొద్దున మీ మూడ్‌కు 0 (అస్సలు బాగోలేదు) నుంచి 10 (చాలా బాగుంది) లోపు ఒక అంకె వేసి కాగితం మీద రాసుకోండి. ఆ అబ్బాయి మొదటి సభకు రాసినవి 2, 5, 1. తర్వాతి సభకు ఇలా అరగంటే వెళ్లి రాసినవి 3, 4, 3. నాకు ముఖ్యమైంది మర్నాటి పొద్దున రాసిన ఆ మూడో అంకె.

అపోహ: డిప్రెషన్ ఉన్నవాళ్లకు రాజకీయాలెందుకు?

వాస్తవం: జబ్బు చేస్తే అభిప్రాయాలు పోవు. కొందరికి పార్టీ పనే బయటి ప్రపంచంతో మిగిలిన బంధం, దాన్ని తెంచమని నేను ఎవరికీ చెప్పను. అలాగని ‘నేను రాకపోతే ద్రోహం చేసినట్టే’ అని నలిగిపోతూ వెళ్లొద్దు. అవసరం లేని అపరాధభావం కూడా ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. ఇంట్లో కూర్చుని నాలుగు ఫోన్లు చేసినా అది ప్రచారమే.

అపోహ: ఆ రోజు మాత్ర మానేస్తే చురుగ్గా ఉండొచ్చు.

వాస్తవం: వద్దు. హఠాత్తుగా ఆపితే కొందరికి తలతిరుగుడు, వికారం, చిరాకు వస్తాయి. ఎండలో సభ అయితే ఇంకో జాగ్రత్త కావాలి. అమిట్రిప్టిలిన్ లాంటి కొన్ని డిప్రెషన్ మందులతో చెమట తగ్గి ఒంట్లో వేడి పెరగొచ్చు. మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం అనే మందు వాడేవాళ్లకు ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు ప్రమాదకరంగా పెరగొచ్చు. ఇవి వాడుతుంటే ముందే మీ డాక్టరును అడగండి. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలడం మొదలైతే సభ వదిలేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

అపోహ: ఓడిపోయాక అందరికీ ఉండే బాధేగా, అదే సర్దుకుంటుంది.

వాస్తవం: చాలామందికి సర్దుకుంటుంది. ముందే కుంగి ఉన్న మనిషి విషయంలో అలా అనుకుని ఊరుకోవద్దు. ప్రచారమంతా పరిగెత్తిన మనిషికి ఫలితాల మర్నాటి నుంచి చేయడానికి పని, మోగే ఫోను రెండూ ఉండవు. ఆ వారం రోజూ ఒకసారి వెళ్లి పలకరించండి. ‘బతకాలని లేదు’ అన్న మాట వినపడితే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అవునంటే మనిషిని ఒంటరిగా వదలకుండా, తెల్లారనిద్దాం అనుకోకుండా, అప్పుడే వైద్యసాయం దగ్గరికి తీసుకెళ్లండి.