డీజిల్ ఆపితే టవర్ గ్రీన్ అయిపోదు: టెలికాం కార్బన్ లెక్కలపై అపోహలు - వాస్తవాలు

వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు సెల్ టవర్ల కరెంటు, డీజిల్ లెక్కలు చూడటం నా పని. సైట్ల నుంచి మేం పంపే రీడింగులే చివరికి కంపెనీ వార్షిక నివేదికలో ఇన్ని టన్నుల కార్బన్ అని అచ్చవుతాయి. అందుకే వాటి గురించి తప్పుడు మాట వింటే ఊరుకోలేను.

అపోహ: టవర్ కాలుష్యమంటే డీజిలే, జనరేటర్ తీసేస్తే అయిపోయింది.

జనరేటర్ పొగ కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరి చూపూ దాని మీదే ఉంటుంది. ఒక్కసారి లెక్క వేయండి. మూడు కిలోవాట్ల లోడున్న సైట్‌కు రోజుకు 72 యూనిట్లు, నెలకు 2,160 యూనిట్లు కావాలి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే నెలకు ఒకటిన్నర టన్ను. అదే సైట్‌లో నెలకు వంద లీటర్ల డీజిల్ కాలినా, లీటరుకు 2.7 కిలోల చొప్పున 270 కిలోలే. చెల్పూరు, రామగుండం, జైపూర్‌లలో బొగ్గు కాలితేనే కదా ఇక్కడ తీగలో కరెంటు వచ్చేది. పొగ అక్కడ వస్తుంది, మన షెల్టర్ (టవర్ కింద పరికరాలుండే గది) దగ్గర రాదు, అంతే తేడా.

అలాగని డీజిల్‌ను పట్టించుకోవద్దని కాదు. తక్కువ లోడు మీద నడిచే డీజీ (డీజిల్ జనరేటర్) లీటరుకు మూడు యూనిట్లు ఇస్తే గొప్ప, అంటే యూనిట్‌కు 0.9 కిలోలు, గ్రిడ్ కంటే ఎక్కువే. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి వైపు గాలివానకు చెట్టు పడి లైను తెగితే గంటల తరబడి ఈబీ, అంటే గ్రిడ్ కరెంటు, రాదు. అలాంటి చోట త్వరగా ఛార్జ్ అయ్యే లిథియం బ్యాటరీలు పెడితే డీజీ నడిచే గంటలు బాగా తగ్గుతాయి. మేడారం జాతరకు బండ్ల మీద తెచ్చి నిలబెట్టే టవర్లకు మాత్రం ఇప్పటికీ డీజీయే దిక్కు, ఆ డీజిల్ కూడా లెక్కలో రాయాల్సిందే.

అపోహ: ప్రతి టవర్ దగ్గరా సోలార్ పెడితే సరి.

ఆ 72 యూనిట్లు రావాలంటే, కిలోవాట్ ప్యానెల్‌కు రోజుకు నాలుగు యూనిట్లు అనుకున్నా 18 కిలోవాట్లు కావాలి, దానికి దాదాపు 1,800 చదరపు అడుగుల జాగా. హన్మకొండలో డాబా మీదున్న సైట్‌కు అంత ఎక్కడ దొరుకుతుంది? అందుకే సోలార్ ప్లాంటు వేరేచోట ఉంటే గ్రిడ్ ద్వారా ఆ కరెంటు కొనుక్కునే ఓపెన్ యాక్సెస్ అసలు దారి. కేంద్రం 2022లో తెచ్చిన నిబంధనలతో ఇలా కొనే అర్హత 100 కిలోవాట్ల లోడుకు దిగింది, 2023 సవరణతో ఒకే విద్యుత్ డివిజన్‌లోని కనెక్షన్లను కలిపి ఆ 100 చూపించే వీలు వచ్చింది. చిన్న చిన్న కనెక్షన్లు వందల్లో ఉన్న టవర్లకు ఇది చాలా పెద్ద మార్పు.

అపోహ: 50 శాతం తగ్గిస్తామంటే మొత్తం సగమవుతుందని అర్థం.

దేంట్లో 50 అన్నది చూడాలి. ఎయిర్‌టెల్‌నే తీసుకోండి. 2020-21తో పోలిస్తే 2030-31 నాటికి స్కోప్ 1, 2 కలిపి 50.2 శాతం, స్కోప్ 3 అయితే 42 శాతం తగ్గించాలన్నది వాళ్ల టార్గెట్. సొంతంగా కాల్చిన ఇంధనం, కారిన ఏసీ గ్యాస్ స్కోప్ 1 కిందికి, కొన్న కరెంటు స్కోప్ 2 కిందికి వస్తాయి. కొన్న పరికరాల తయారీ నుంచి ఇతరుల ఆస్తుల వాడకం దాకా మిగతాదంతా స్కోప్ 3. టవర్ ఒకరిది, దాని మీద రేడియో ఇంకొకరిది అయినప్పుడు అదే డీజిల్ ఒకరి పుస్తకంలో స్కోప్ 1, మరొకరి పుస్తకంలో స్కోప్ 3 కావచ్చు. 2024 నవంబరులో టవర్ల కంపెనీ ఇండస్ టవర్స్ ఎయిర్‌టెల్‌కు అనుబంధ సంస్థ అయింది. ఇంత పెద్ద మార్పు జరిగినప్పుడు బేస్ ఇయర్ (పోలికకు తీసుకున్న మొదటి ఏడాది) అంకెను కూడా తిరిగి లెక్కకట్టాలి, లేకపోతే పాత ఏడాదితో పోలికకు అర్థం ఉండదు.

ఇంకో మాట. ఒక్కో జీబీ డేటాకు ఇంత తగ్గించాం అని రాస్తే వెంటనే మొత్తం టన్నుల పట్టిక తెరవండి. వాడకం ఏటా పెరుగుతున్నప్పుడు ఒక్కో జీబీకి కార్బన్ తగ్గడం మామూలే, మొత్తం మాత్రం పెరుగుతూనే ఉండొచ్చు. 5జీ సంగతీ అంతే. ఒక్కో జీబీకి కరెంటు తక్కువే, కానీ ఉన్న 4జీ మీద అదనంగా పెట్టినప్పుడు సైట్ బిల్లు పెరుగుతుంది. జనం పడుకున్న వేళ కొన్ని క్యారియర్లను (సిగ్నల్ పంపే ఫ్రీక్వెన్సీలను) నిద్రపుచ్చే ఫీచర్ ఆన్ చేసి ఉందో లేదో చూసుకోవాలి.

అపోహ: ఏసీ గ్యాస్ చిన్న విషయం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. షెల్టర్ ఏసీల్లో వాడే ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో కారితే దాదాపు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే దాదాపు 740 లీటర్ల డీజిల్ కాల్చినట్టు. డీజిల్‌కు చుక్క చుక్కకూ లెక్క అడుగుతారు, గ్యాస్‌కు మాత్రం 'ఏసీ సర్వీస్' అని ఒక్క ముక్క రాసి బిల్లు పెడతారు, ఎంత నింపారో ఎక్కడా ఉండదు. సైట్ టెక్నీషియన్ తమ్ముళ్లూ, గ్యాస్ నింపే ముందు సిలిండర్ తూకం వేయండి, నింపాక మళ్లీ వేయండి, ఆ రెండు బరువులూ గ్యాస్ పేరుతో సహా లాగ్‌బుక్‌లో రాసి ఫోటో పంపండి. ఒకే ఏసీకి ఏడాదిలో రెండోసారి నింపాల్సి వస్తే ముందు లీకు ఎక్కడుందో పట్టుకుని బ్రేజింగ్ (లోహం కరిగించి పైపు అతికించడం) చేయించండి, ఆ తర్వాతే గ్యాస్.