కాటుక రేకుల పొడ: కదలకుండా పడుకునే పాము

రక్తపింజర, రక్తపింజరి, పొడపాము. ఊరూరికీ పేరు మారే ఈ పాముకు విశాఖపట్నం ప్రాంతంలో రెండు వందల ఏళ్ల కిందట ఇంకో పేరుండేది: కాటుక రేకుల పొడ. 1780ల్లో అక్కడున్న స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ ఆ పేరును విన్నట్టే రాసుకుని, 1796లో అచ్చయిన తన పాముల పుస్తకంలో చేర్చాడు. మరుసటి ఏడాది ఈ పాము శాస్త్రనామంలో ఆయన పేరు కలిసింది. కట్లపాముల ప్రజాతికి ‘బంగారస్’ అన్న పేరు కూడా ఆయన నమోదు చేసిన తెలుగు ‘బంగారు పాము’ నుంచి వచ్చిందే.

పేరు పెట్టినవాళ్ల చూపు ఎంత నిశితమైనదో మచ్చల్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. వీపు పొడవునా మూడు వరుసల కోలమచ్చలు. నడిమి వరుస చాలాసార్లు గొలుసులా కలిసిపోతుంది. ఒక్కో మచ్చ లోపల ముదురు గోధుమరంగు, చుట్టూ కాటుకతో దిద్దినట్టు నల్లటి గీత, దాని వెలుపల సన్నటి తెల్లని లేదా పసుపు అంచు. వీపు మీది పొలుసుల నడుమ చిన్న గట్టు ఉండటం వల్ల ఒళ్లు గరుకుగా ఉంటుంది, మెరవదు. తల ముక్కోణంలా వెడల్పుగా, మెడ సన్నగా, ముక్కు రంధ్రాలు పెద్దవిగా, తోక పొట్టిగా ఉంటాయి. పెద్ద పాము పొడవు సాధారణంగా మీటరుకు కాస్త అటూ ఇటూ.

దీన్ని కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఈ పొరపాటు ప్రాణం తీస్తుంది. కొండచిలువ పొలుసులు నున్నగా మెరుస్తాయి, మచ్చలు ఒక వరస లేకుండా పెద్ద పెద్ద అతుకుల్లా ఉంటాయి. తేడా తేల్చుకోలేకపోతే అది రక్తపింజరే అనుకుని దూరం జరగాలి.

ఎండుటాకుల మధ్యో, గడ్డిలోనో చుట్టుకుని పడుకుంటే ఆ మచ్చలు నేలలో కలిసిపోతాయి. ఈ పాము బతుకంతా ఆ కలిసిపోవడం మీదే ఆధారపడింది. జెర్రిపోతులా ఎలుకను తరమదు. ఎలుకలు తిరిగే దారి పక్కన మాటువేసి, అవసరమైతే గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. ఎర దగ్గరకొస్తే ఒక్క కాటు వేసి, చాలాసార్లు వెంటనే వదిలేస్తుంది. ఎలుక పళ్లతో తిరగబడే ప్రమాదం అలా తప్పించుకుంటుంది. తర్వాత నాలుక ఆడిస్తూ, అంగిట్లోని జేకబ్సన్ అవయవంతో వాసన పట్టి, కాస్త దూరంలో పడి ఉన్న ఎలుకను వెతుక్కుంటుంది.

మనిషి అడుగు పక్కన పడినా అదే పద్ధతి. అడుగుల అదురు నేల గుండా తెలిసినప్పుడు చాలా పాములు పక్కకు తప్పుకుంటాయి. రక్తపింజర మాత్రం ఎక్కువగా ఉన్నచోటే ఉండిపోతుంది. నేలను గట్టిగా తొక్కుతూ నడిస్తే పాములు పోతాయన్న నమ్మకం దీని దగ్గర పనిచేయదు. మరీ దగ్గరకెళ్తే ఒళ్లు ఉబ్బించి, ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుసకొడుతుంది. ఆ శబ్దం వినబడగానే ఆగి, అది ఎక్కడుందో చూసుకుని వెనక్కి తగ్గితే చాలు, వెంటపడదు. కానీ కాలు నేరుగా దాని మీదే పడితే బుసకొట్టే వ్యవధి ఉండదు.

వరి పొలం దీనికి అన్నీ అమరిన చోటు. గింజకు ఎలుకలు చేరతాయి, ఎలుకలు గట్లలో బొరియలు తవ్వుతాయి, ఆ బొరియలే పాముకు ఇల్లు. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఎక్కువగా జూన్, జులై నెలల్లో ఈనుతుంది. ఒక ఈతకు 20 నుంచి 40 పిల్లలు మామూలే. జానెడు పొడవుండే ఆ పిల్లలకు పుట్టినప్పటి నుంచే విషం ఉంటుంది. దుక్కులు, నాట్లు మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాల్లో సగం జూన్–సెప్టెంబరు నెలల్లోవే. మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అంగిలికి మడిచి పెట్టుకునే కోరలు సెంటీమీటరున్నర దాకా ఉంటాయి. విషంలోని రెండు ఎంజైములు రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్ల (కారకాల) గొలుసులో పదో కారకాన్నీ, ఐదో కారకాన్నీ బలవంతంగా రేపుతాయి. ఎలుక ఒంట్లో రక్తం ఉన్నపళంగా గడ్డకడుతుంది. మనిషి ఒంట్లో రక్తం ఎక్కువ కాబట్టి జరిగేది వేరు: సన్నటి గడ్డలు లెక్కలేనన్ని ఏర్పడి, గడ్డకు పోగుల్లా అల్లుకునే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ అంతా ఖర్చయిపోతుంది. ఇక రక్తం గడ్డకట్టదు. చిగుళ్ల నుంచి, కాటు గాయం నుంచి రక్తం కారుతూనే ఉంటుంది, మూత్రం ఎర్రబడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ దీని కాటుకు కనురెప్పలు వాలిపోవడం కూడా కనిపిస్తుంది. ఇదే విషాన్ని బాగా పలచన చేసి లూపస్ యాంటీకోయాగ్యులెంట్ (రక్తం గడ్డకట్టే తీరును మార్చే ఒక రకం యాంటీబాడీలు) రక్తపరీక్షలో వాడతారు. పదేపదే గర్భస్రావం అవుతున్న స్త్రీలకు చేసే పరీక్షల్లో అదొకటి.

రక్తం గడ్డకట్టని మనిషికి కాటు దగ్గర బ్లేడుతో కోస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. తాడుతో బిగించి కట్టడం కూడా అంతే చేటు: కండను తినేసే విషం ఒకేచోట నిలిచి కాలు కుళ్లుతుంది, కట్టు విప్పగానే విషం ఒక్కసారిగా ఒళ్లంతా పాకుతుంది. చేయాల్సింది వెంటనే 108కి ఫోన్ చేయడం. వాపు వచ్చేలోగా మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు తీసేయాలి. కాలు విరిగినప్పుడు చేసినట్టే బద్ద ఆనించి కదలకుండా ఉంచాలి, మనిషిని నడిపించకూడదు. పామును చంపి ఆస్పత్రికి తేనక్కర్లేదు. తెగిన తల కూడా కొంతసేపు కరవగలదు.

ఆస్పత్రిలో చేసే పరీక్ష చాలా చిన్నది. నరం నుంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న కొత్త గాజు పరీక్షనాళికలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. రక్తం ఇంకా నీళ్లలా పారితే విషం పనిచేస్తోందన్నమాట. గడ్డకట్టడం మొదలుకావడానికి గాజు తగలాలి కాబట్టి ప్లాస్టిక్ నాళిక పనికిరాదు. సబ్బుతో కడిగిన గాజు కూడా తప్పుడు ఫలితం ఇస్తుంది. మొదటిసారి రక్తం గడ్డకట్టిందని ఇంటికి వెళ్లిపోవడం పెద్ద పొరపాటు. తొలి 3 గంటలూ గంటకోసారి, తర్వాత ఒక రోజు నిండేదాకా 6 గంటలకోసారి ఆ పరీక్ష చేయాలి. కనీసం ఒక రోజు ఆస్పత్రిలోనే ఉండాలి.

విరుగుడు మందు ఒక్కో సీసాలో 10 మిల్లీలీటర్లు ఉంటుంది. మొదట 8 నుంచి 10 సీసాలు సెలైన్‌లో కలిపి సుమారు గంటసేపు నరంలోకి ఎక్కిస్తారు. పసిపిల్లకైనా అదే మోతాదు, ఎందుకంటే పాము మనిషి బరువు చూసి విషం తగ్గించదు. నాగుపాము, కట్లపాము, చిన్నపింజర, రక్తపింజర నాలుగింటికీ ఒకటే మందు కాబట్టి ఏ పామో తేల్చడానికి సమయం పోగొట్టుకోవద్దు. మందు రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుందే కానీ ఖర్చయిపోయిన కారకాలను తిరిగి తేలేదు. వాటిని కాలేయం తయారుచేసుకోవడానికి సుమారు 6 గంటలు పడుతుంది. అందుకే అప్పుడు మళ్లీ పరీక్షించి, రక్తం గడ్డకట్టకపోతేనే ఇంకో విడత ఎక్కిస్తారు.

కాట్లు ఎక్కువగా పడేది పాదానికీ, పిక్కకూ, చేతికీ. మోకాలి కిందిదాకా వచ్చే రబ్బరు బూట్లు, రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లేటప్పుడు చేతిలో టార్చిలైటు, ఈ రెండూ చాలా కాట్లను ఆపుతాయి. వెలుగు దూరంగా కాకుండా తర్వాతి అడుగు పడే చోట పడాలి. కోసిన పనలనూ, ధాన్యం మీద కప్పిన పట్టానూ చేత్తో ఎత్తేముందు పొడవాటి కర్రతో తిరగేయాలి. గడ్డివామిని, కట్టెల మోపును ఇంటి గోడకు ఆనించి వేయకూడదు. వాటిలో ఎలుకలు కాపురం పెడితే రక్తపింజర గుమ్మం దాకా వచ్చి, అక్కడ కూడా కదలకుండానే పడుకుంటుంది.